అలసటకీ కోపానికీ ఒకే లీవు పెట్టకండి

ఈ వారం ఉత్తరం ఒక పైలట్ రాసినది. పేరు, కంపెనీ, గుర్తుపట్టడానికి వీలున్న వివరాలు తీసేసి, సంగతి మాత్రం ముందు చెబుతాను.

వయసు 31. సొంతూరు గోదావరి జిల్లాలో. ఆరేళ్లుగా ఒక విమానయాన సంస్థలో ఫస్ట్ ఆఫీసర్, అంటే కో-పైలట్, బేస్ హైదరాబాద్, నిజాంపేటలో అద్దె ఇల్లు. పైలట్ చదువుకీ టైప్ రేటింగ్‌కీ (ఒక రకం విమానం నడపడానికి విడిగా తీసుకోవలసిన అర్హత) కలిపి 90 లక్షలు దాటిందట. అందులో సగం వాళ్ల నాన్నగారు ఎకరంన్నర అమ్మి ఇచ్చారు, మిగతాది బ్యాంకు అప్పు, ఇప్పటికీ నెలకి 78 వేలు కడుతున్నారు. భార్యకి ఆరో నెల. ఏడాదిగా రోస్టర్ చూస్తేనే కడుపులో తిప్పుతోందని రాశారు. రెండు రాత్రి డ్యూటీలు, మధ్యలో ఒక రోజు, మళ్లీ తెల్లవారుజామున డ్యూటీ. రెండుంబావుకి అలారం, రెండున్నరకల్లా కింద క్యాబ్. మంచం దిగుతుంటే భార్య నిద్రలోనే "మళ్లీనా" అంటుందట. దీనికి తోడు కంపెనీ అలవెన్సుల లెక్క మార్చి కొత్త కాంట్రాక్టు పంపింది, 15 రోజుల్లో సంతకం పెట్టాలి. దాంతో పైలట్లకి మండింది. ఒక వాట్సాప్ గ్రూపు పెట్టుకుని, వచ్చే శని, ఆదివారాల్లో అందరూ ఒకేసారి సిక్ కొట్టాలని, అంటే ఒంట్లో బాగోలేదని చెప్పి డ్యూటీ మానేయాలని మాట్లాడుకుంటున్నారు. ముందుండి నడిపిస్తున్నది ఈయనకి పని నేర్పిన సీనియర్ కెప్టెన్, ఈయన సార్ అనేది ఆయన్నే. ఇంతలో బేస్ మేనేజర్ ఈయన్ని పిలిచి, టీ ఇప్పించి, "కమాండ్ అప్‌గ్రేడ్ లిస్టులో నీ పేరుంది, ఆ గ్రూపులో ఎవరెవరున్నారో చెబితే నీకే మంచిది" అన్నాడట. కమాండ్ అంటే కెప్టెన్‌గా ప్రమోషన్. "ఆదివారం నాకు నాలుగు సెక్టార్లు (నాలుగు ఫ్లైట్లు) ఉన్నాయి. సిక్ కొట్టనా, వెళ్లనా? వెళ్తే సార్ మొహం ఎలా చూడను? కొడితే కమాండ్ పోతుంది, అప్పు ఎలా తీర్చను? నేను పిరికివాడినా?" ఇదీ ప్రశ్న.

తమ్ముడూ, మీ ఉత్తరం నాలుగు పేజీలుంది. మూడో పేజీ చివర, దేనికో ఉదాహరణగా, రెండే రెండు లైన్లలో ఒక సంగతి చెప్పి దాటేశారు. పోయిన నెల ఒక తెల్లవారుజామున దిగే ముందు కెప్టెన్ ఫ్లాప్స్ (దిగేటప్పుడు రెక్కల వెనక దించే పలకలు) అడిగితే మీకు వినపడలేదని, రెండోసారి గట్టిగా అడిగితే ఉలిక్కిపడి లివర్ మీద చెయ్యి వేశానని, ఆ మధ్యలో ఎన్ని సెకన్లు పోయాయో ఇప్పటికీ తెలియదని. కెప్టెన్ ఏమీ అనలేదు, మీరూ ఎవరికీ చెప్పలేదు, ఇంట్లో కూడా. నేను అక్కడే ఆగిపోయాను. గ్రూపు, మేనేజర్, కాంట్రాక్టు, కమాండ్, వీటన్నిటికంటే ముందు మాట్లాడుకోవలసింది ఆ రెండు లైన్ల గురించి.

ముందే చెప్పేస్తున్నాను, నేను పైలట్‌ని కాదు. విశాఖలో ఒక ఫ్యాక్టరీలో యూనియన్‌కీ యాజమాన్యానికీ మధ్య జరిగే చర్చల్లో పద్దెనిమిదేళ్లు కూర్చున్నవాడిని. అక్కడ ఎన్నోసార్లు చూశాను, మనిషికి రెండు మూడు బాధలు ఒకేసారి వస్తే అన్నిటినీ మూటగట్టి ఒకే మందు వేయాలనిపిస్తుంది. మీరూ అదే చేస్తున్నారు. మీకు ఒళ్లు అలసిపోయింది. మీకు కంపెనీ మీద కోపం వచ్చింది. మీ దగ్గరికి ఒకాయన వచ్చి తోటివాళ్ల పేర్లు అడిగాడు. ఈ మూడూ వేరు వేరు సంగతులు. మూడింటికీ కలిపి ఆదివారం ఒక్క ఫోన్ కాల్‌తో జవాబు చెప్పాలని చూస్తున్నారు కాబట్టే మీకు నిద్ర పట్టడం లేదు.

అలసట సంగతి ముందు. మీ రోస్టర్ "కాగితం మీద రూల్స్ లోపలే ఉంది, అందుకే ఏమీ అనలేకపోతున్నాం" అని రాశారు. ఆ రూల్స్ ఎలా వచ్చాయో మీకు నాకన్నా బాగా తెలుసు, చదివే మిగతావాళ్ల కోసం చెబుతున్నాను. 2024 జనవరిలో విమానయాన రంగాన్ని నియంత్రించే డీజీసీఏ పైలట్ల డ్యూటీ గంటల నిబంధనలు మార్చింది. వారానికి 36 గంటలుండే విశ్రాంతి 48 అయింది, రాత్రి అంటే తెల్లవారి 5 దాకా అన్న లెక్క 6 దాకా జరిగింది, రాత్రిపూట ల్యాండింగ్‌ల హద్దు 6 నుంచి 2కి తగ్గింది. 2024 జూన్ నుంచే అమలు కావాల్సింది, కంపెనీలు మనుషులు చాలరన్నాయి, వాయిదా పడింది. పైలట్ల సంఘాలు ఢిల్లీ హైకోర్టులో పట్టుబట్టాక 2025 జులై 1న కొన్ని, నవంబర్ 1న మిగతావి అమల్లోకి వచ్చాయి. నెల తిరిగేసరికి, డిసెంబర్ మొదటి వారంలో ఇండిగో విమానాలు వేల సంఖ్యలో రద్దయ్యాయి, ఎయిర్‌పోర్టుల్లో జనం సూట్‌కేసుల మీద తల పెట్టుకుని పడుకున్నారు, అప్పుడు కొన్ని నిబంధనలకి సడలింపు ఇచ్చేశారు. అంటే మీ విశ్రాంతి గంటలు ఎవరో దయతలచి ఇచ్చినవి కావు, కోర్టు దాకా వెళ్లి తెచ్చుకున్నవి, తెచ్చుకున్నాక కూడా జారిపోగలవు.

అయితే రూల్ లోపల ఉన్నంత మాత్రాన మీరు నిద్రపోయారని కాదు. పగలు పదకొండింటికి, పక్కింట్లో గ్రైండర్ తిరుగుతుంటే, కర్టెన్ వేసుకుని పడుకున్న నాలుగు గంటలు రోస్టర్‌లో విశ్రాంతి కిందే లెక్క. ఒంటికి ఆ లెక్క తెలియదు. అందుకే అదే నిబంధనల్లో ఇంకో సంగతి కూడా ఉంది. అలసిపోయానని తెలిసిన పైలట్ విమానం నడపకూడదు, ఫెటీగ్ రిపోర్ట్ (అలసిపోయానని రాసిచ్చే కాగితం) ఇవ్వవచ్చు, ఆ రిపోర్టుల మీద ఏం చేశారో కంపెనీ మూడు నెలలకోసారి డీజీసీఏకి చెప్పాలి. మీ బేస్‌లో పోయిన ఏడాది ఎంతమంది ఫెటీగ్ రిపోర్ట్ ఇచ్చారు? మీరైతే ఒక్కటీ ఇవ్వలేదని మీరే రాశారు. "ఇస్తే మార్క్ అయిపోతాం" అని రాశారు. ఆ భయం ఉత్తదని నేననను. కొన్నిచోట్ల రిపోర్ట్ ఇచ్చినవాడిని పిలిచి ఇంట్లో ఏమైనా గొడవలా అని అడుగుతారని మీరు చెప్పినదీ నమ్ముతాను. కానీ రోస్టర్ మనిషిని తినేస్తోందని అందరూ టీ దగ్గర అనుకుంటుంటే, కంపెనీ రికార్డులో మాత్రం అంతా బాగానే ఉంది. రేపు లేబర్ కమిషనర్ ముందో కోర్టులోనో కూర్చున్నప్పుడు కంపెనీ ఆ రికార్డే బల్ల మీద పెడుతుంది. మీ దగ్గర పెట్టడానికి ఏముంటుంది, వాట్సాప్ మెసేజ్‌లా?

కాబట్టి ఆ ఫ్లాప్స్ సంగతి రిపోర్ట్ చేయండి. తేదీ, ముందు 72 గంటల్లో ఏయే డ్యూటీలు చేశారు, ఎన్ని గంటలు పడుకున్నారు, ఏం జరిగింది. విశేషణాలు వద్దు, కంపెనీ మీద విమర్శ ఒక్క ముక్క కూడా వద్దు. ఆ కెప్టెన్‌కి ముందే చెప్పండి, వెనకనుంచి రాశావన్న మాట రాకూడదు. ఆయన వద్దంటే? అప్పుడు ఆయన సంగతి వదిలేసి మీ నిద్ర, మీ అలసట వరకే రాయండి, అది రాసే హక్కు మీది. దీనివల్ల నష్టం అసలే ఉండదని నేను హామీ ఇవ్వలేను, అప్‌గ్రేడ్ కొన్నాళ్లు జరగవచ్చు. కానీ రాయకపోతే ఏమవుతుందో కూడా చూడండి. ఇంకోసారి అలాగే జరిగి, కెప్టెన్ కూడా అలసిపోయి ఉంటే? ఇద్దరికీ ఒకే రోస్టర్ కదా. వెనక 180 మంది ఉంటారు. ఇది మిమ్మల్ని భయపెట్టడానికి అనడం లేదు, మీరే రాత్రిళ్లు అనుకుంటున్న మాట ఇది. రాసేస్తే కాస్త తేలికపడతారు. విశ్రాంతి దొరికిన రోజుల్లో కూడా పగలు తూగుతున్నట్టుంటే మాత్రం దాన్ని రోస్టర్ ఖాతాలో వేయకుండా, విమానయాన వైద్యం తెలిసిన డాక్టర్‌కి చూపించుకోండి.

ఇక ఆదివారం.

నలుగురూ కలిసి సిక్ కొట్టడం కొత్తేమీ కాదు, పనిచేయదని కూడా చెప్పలేను. 2009 సెప్టెంబర్‌లో జెట్ ఎయిర్‌వేస్ పైలట్లు సంఘం పెట్టుకుంటే ఇద్దరిని తీసేశారు, వందలమంది ఒకేసారి సిక్ అన్నారు, అయిదు రోజుల్లో కంపెనీ దిగొచ్చి తీసేసినవాళ్లని మళ్లీ తీసుకుంది. 2024 ఏప్రిల్‌లో విస్తారాలో ఇలాంటి గొడవే వచ్చింది. ఎయిర్ ఇండియాతో విలీనానికి ముందు కొత్త కాంట్రాక్టులో గ్యారంటీ జీతం 70 గంటల లెక్క నుంచి 40 గంటలకి తగ్గిస్తే పైలట్లు సిక్ కొట్టారు, విమానాలు రద్దయ్యాయి, కంపెనీ రోజుకి పాతిక ముప్ఫై విమానాలు తగ్గించుకుంది, పైవాళ్లు వచ్చి మాట్లాడారు. మీ గ్రూపులో తిరుగుతున్నవి ఈ రెండు కథలే అయి ఉంటాయి. మరి ఇంకో రెండు కథలు ఎవరైనా పెట్టారా? 2012లో ఎయిర్ ఇండియా పైలట్లు బోయింగ్ 787 శిక్షణ గొడవ మీద 58 రోజులు పనికి రాలేదు. వందమందికి పైగా ఉద్యోగాలు తీసేశారు, యూనియన్ గుర్తింపు రద్దు చేశారు, చివరికి ఢిల్లీ హైకోర్టులో విషయం తేలాక సమ్మె విరమించుకున్నారు. 2024 మేలో ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ క్యాబిన్ సిబ్బంది సిక్ కొడితే 25 మందికి రాత్రికి రాత్రి తొలగింపు ఉత్తర్వులు వెళ్లాయి. చీఫ్ లేబర్ కమిషనర్ దగ్గర రెండు పక్షాలూ కూర్చున్నాక వెనక్కి తీసుకున్నారు. ఆ 25 మందికి ఆ ఒకటి రెండు రోజులు ఎలా గడిచి ఉంటాయో ఊహించుకోండి. ఈ నాలుగింటిలో మీ ఆదివారం ఏ దారిన వెళ్తుందో మీ సార్‌కి తెలియదు, నాకూ తెలియదు.

చట్టం కూడా మారింది. 2025 నవంబర్ 21 నుంచి కొత్త కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. సమ్మెకి 14 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, సగం మంది గానీ అంతకన్నా ఎక్కువమంది గానీ ఒకే రోజు కలిసికట్టుగా క్యాజువల్ లీవు పెడితే దాన్నీ సమ్మె కిందే లెక్కేస్తారు. "మనం పెట్టేది సిక్ లీవు కదా, క్యాజువల్ కాదు కదా" అని గ్రూపులో ఒకరన్నారని రాశారు. తెలివైన వాదనే, కానీ దాన్ని తేల్చేది కోర్టు, ఆ కోర్టు ఖర్చు మీది. పైలట్ అసలు కార్మికుడి నిర్వచనంలోకి వస్తాడా, పర్యవేక్షక ఉద్యోగా అన్న వాదన కూడా ఏళ్ల తరబడి కోర్టుల్లో నలుగుతున్నదే. కాబట్టి దిగేముందు లేబర్ లా చూసే లాయర్ దగ్గర గంట కూర్చోండి. మీ గ్రూపు మొత్తం తలా వెయ్యి వేసుకున్నా మంచి లాయర్ సలహా వస్తుంది. ఇంతమంది చదువుకున్నవాళ్లు ఇప్పటిదాకా ఆ పని చేయలేదంటే నాకు నిజంగా బాధగా ఉంది.

నా అభిప్రాయం అడిగితే, మీరు ఆదివారం దొంగ సిక్ కొట్టడం నాకిష్టం లేదు. కంపెనీ మీద జాలితో అనడం లేదు, పదిహేను రోజుల గడువుతో కాంట్రాక్టు పంపిన తీరు నాకు నచ్చలేదు. నేననేది మీ మాట విలువ గురించి. "నాకు బాగోలేదు, నేను నడపను" అని పైలట్ అంటే బలవంతపెట్టకుండా ఇంకొకరిని పంపాలి, పైలట్ చేతిలో ఉన్న పెద్ద బలం అదే. దాన్ని కోపానికి వాడితే, నిజంగా కళ్లు మూతలు పడుతున్న రోజు మీరు ఫోన్ చేసినా క్రూ షెడ్యూలింగ్‌లో ఉన్న కుర్రాడు "వీళ్లు మళ్లీ మొదలెట్టారు" అనుకుంటాడు. పైగా డాక్టర్ సర్టిఫికెట్ అడుగుతారు. పైలట్ ఆరోగ్యం లైసెన్సుతో ముడిపడిన విషయం, లేని జబ్బుకి కాగితం తెచ్చుకుంటే అది ఈ కంపెనీతో పోయేది కాదు. మా ఫ్యాక్టరీలో ఒకసారి నూట ఎనభై మంది ఒకే డాక్టర్ దగ్గర, ఒకే జ్వరానికి, ఒకే తేదీతో సర్టిఫికెట్లు తెచ్చారు. వాళ్ల కోరిక న్యాయమైనదే, జీతం పెంపు రెండేళ్లుగా ఆగి ఉంది. చర్చలకి కూర్చున్న రోజు యాజమాన్యం ఆ సర్టిఫికెట్ల కట్ట బల్ల మీద పెట్టింది, జీతం మాట ఎత్తడానికే మాకు మూడు వారాలు పట్టింది.

అలాగని తలొంచుకుని ఒక్కరే వెళ్లి నడిపి రమ్మనడం లేదు. ముందు మీ సార్ దగ్గరికి వెళ్లండి, గ్రూపులో కాదు, ఆయన ఇంటికే. "కాంట్రాక్టు మీద అందరం కలిసి రాతపూర్వకంగా అభ్యంతరం పెడదాం, సంతకానికి గడువు పెంచమని అడుగుదాం, ఫెటీగ్ రిపోర్టులు ఎవరిది వాళ్లం నిజమైనవి ఇద్దాం, సంఘం తరఫున లేబర్ కమిషనర్‌కి వెళ్దాం, అప్పటికీ వినకపోతే నోటీసు ఇచ్చి సమ్మెకి దిగుదాం, అప్పుడు నా పేరుతో నేనూ ఉంటాను" అని చెప్పండి. డ్యూటీ గంటలు దాటితే పొడిగించడం కెప్టెన్ విచక్షణ, కంపెనీ బలవంతం చేయడానికి లేదు. కెప్టెన్లు ఆ ఒక్క విషయంలో గట్టిగా నిలబడినా రోస్టర్ వేసేవాళ్లకి తెలిసొస్తుంది, అదీ పూర్తిగా రూల్ ప్రకారమే. సార్ ఒప్పుకోవచ్చు. ఒప్పుకోకుండా "నువ్వు కూడా వాళ్ల మనిషివైపోయావా" అనవచ్చు. ఆ మాట చాలా నొప్పిగా ఉంటుంది, ముందే చెబుతున్నాను. మొదటి ల్యాండింగ్ చేయించిన మనిషి నోటి నుంచి ఆ మాట పడటం కన్నా అలవెన్సు పోవడం తేలిక. అయినా మీరు ఆయన మొహం మీదే కాదని చెప్పి వచ్చినవారు, చాటుగా తప్పించుకున్నవారు కాదు. కోపం తగ్గాక ఆ తేడా ఆయనకే కనపడుతుందని నా నమ్మకం.

అన్నీ ఆలోచించుకున్నాక కూడా అందరితో పాటే ఉండాలని మీకనిపిస్తే, అది మీ నిర్ణయం, మిమ్మల్ని తప్పుపట్టను. కాకపోతే కళ్లు తెరుచుకుని వెళ్లండి. ఆరు నెలల ఈఎంఐ, కాన్పు ఖర్చు పక్కన ఉన్నాయా? మెడికల్ ఇన్సూరెన్స్ కంపెనీదేనా? ఉద్యోగం పోతే అదీ పోతుంది. మీ ఆవిడకి చెప్పారా? చెప్పలేదని ఉత్తరం చూస్తేనే తెలుస్తోంది. "టెన్షన్ పెట్టకూడదని" అంటారు. రెండుంబావు అలారానికి రోజూ లేస్తున్న మనిషికి టెన్షన్ లేదనుకుంటున్నారా?

రాజీనామా ఆలోచన ఒక్క వాక్యంలో రాశారు కాబట్టి దాని గురించీ కొంచెం. 2017 నుంచి డీజీసీఏ నిబంధన ప్రకారం ఫస్ట్ ఆఫీసర్‌కి నోటీసు 6 నెలలు, కమాండర్‌కి (కెప్టెన్‌కి) ఏడాది. అంటే ఇప్పుడు కమాండ్ తీసుకున్నారంటే బయటికి వెళ్లే దారి రెండింతలు పొడవవుతుంది, దీనికి తోడు అప్‌గ్రేడ్‌తో కొత్త బాండ్ ఏమైనా రాయిస్తారేమో చూసుకోండి. నోటీసు ఎగ్గొట్టి వెళ్లిపోవడం సులువని ఎవరైనా చెబితే, 2023లో ఆకాశ ఎయిర్ నుంచి 43 మంది పైలట్లు అలా వెళ్లినందుకు కంపెనీ కోర్టుకెక్కిందని గుర్తు చేయండి. వెళ్లడం తప్పు కాదు. ఆఫర్ చేతికొచ్చాక, పద్ధతిగా నోటీసు ఇచ్చి వెళ్లండి.

మిగిలింది మేనేజర్ ఇప్పించిన ఆ టీ. ఈ విషయంలో మాత్రం నేను రెండు వైపులా చెప్పలేను. పేర్లు చెప్పకండి. కమాండ్ మీరు గంటలు నడిపి, చెక్‌లు పాసై సంపాదించుకున్నది, ఆయన జేబులోంచి ఇచ్చేది కాదు. దానికి వెలగా ఒకరి పేరు అడిగినవాడు రేపు ఇంకో పేరు అడుగుతాడు. ఆ పైన మీ కుడివైపు సీట్లో కూర్చునే కుర్రాడు "నాకు అలసటగా ఉంది సార్" అని మీతో అంటాడా? అననివాడి పక్కన ఎంత ధైర్యంగా నడపగలరు? మళ్లీ పిలిస్తే మర్యాదగా "నా సంగతి ఏదైనా ఉంటే నేనే రాసిస్తాను సార్, మిగతావాళ్ల గురించి వాళ్లనే అడగండి" అనండి. ఇంటికొచ్చి ఆ రోజు తేదీ, టైము, ఆయన అన్న మాటలు డైరీలో రాసుకోండి. అప్‌గ్రేడ్ ఆపితే కారణం ఈమెయిల్‌లో అడగండి. ఆపుతారా అంటే, ఆపవచ్చు. ఆరు నెలలో ఏడాదో ఆలస్యం కావచ్చు, నాన్నగారికి చెప్పడం కష్టం కావచ్చు. కానీ ఎకరంన్నర అమ్మిన మనిషికి ఉద్యోగంలో ఒక ఏడాది అటూ ఇటూ అవడం అర్థం కాదని నేననుకోను.

పిరికివాడినా అని అడిగారు. పిరికివాడు ఆ ఫ్లాప్స్ లైన్లు నాకు రాసేవాడు కాదు.

ఆదివారం దాకా చేయాల్సింది ఇది. ఈ రాత్రే రిపోర్ట్ రాయండి, రేపు పొద్దున సార్ ఇంటికి వెళ్లండి, సాయంత్రం మీ ఆవిడకి అన్నీ చెప్పండి. శనివారం ఫోన్ సైలెంట్‌లో పెట్టి, గ్రూపు మ్యూట్ చేసి పడుకోండి. నిద్ర పట్టి, లేచాక తల తేలికగా ఉంటే యూనిఫాం వేసుకుని వెళ్లండి. పట్టకపోతే, రెండుంబావు వరకూ ఆగకుండా ముందే ఫోన్ చేసి "నేను ఫెటీగ్‌లో ఉన్నాను, ఈ డ్యూటీ చేయలేను" అనండి. సిక్ అనకండి. వాళ్లు సిక్ అని రాసుకుంటామంటే, వద్దు, ఫెటీగ్ అనే రాయమనండి. ఎన్నింటికి చేశారో, అటు ఎవరు ఎత్తారో కాగితం మీద పెట్టుకుని, రిపోర్ట్ పంపి, అప్పుడు పడుకోండి.